అభిప్రాయాల పెట్టెలో నాన్న

జూన్ 4

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చేస్తే "ఊ", "ఆ", "సరే" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి కదా అని కాగితం పట్టుకున్నాను. మరదలికి నడుము నొప్పి తగ్గిందా? పిల్లని అడిగానని చెప్పు.

మా హాల్లో ఇప్పుడు హిందీ బొమ్మ ఆడుతోంది. అవినీతి మీద పోరాటం. నిజాయితీపరుడైన ఆఫీసరు ఉద్యోగం వదిలేసి, ఎన్నికల్లో నిలబడి, మంత్రుల్ని జైల్లో పెట్టిస్తాడు. మాటలు కింద మన అక్షరాల్లో పడతాయి. పంపిణీదారు ఈసారి నాకు కొత్త పని అంటగట్టాడు. బయటికెళ్ళే తలుపు దగ్గర ఒక చెక్కపెట్టె, పక్కన కార్డులు, తాడు కట్టిన పెన్ను. జనం అభిప్రాయాలు రాసి పెట్టెలో వేస్తారు. నేను వాటిని ఆఫీసు గదిలో కూర్చుని చదివి, వారానికోసారి సారాంశం రాసి పంపాలి.

కొన్ని నీకోసం ఏరి పెట్టాను. "చివర్లో అందరూ మారిపోయారు, కళ్ళు చెమర్చాయి. బయటికొచ్చి చూస్తే నా స్కూటరు లేదు." "మా ఆఫీసులో ఒకాయనకి ఈ బొమ్మ చూపించాలి. పేరు రాయను, ఆయన నా పక్క సీట్లోనే ఉన్నాడు." "నిజాయితీపరుడి భార్య ఎప్పుడూ ఏడుస్తూనే ఎందుకుంటుంది? ఒక్కసారి తిట్టించండి." "విలన్ ముచ్చటగా ఉన్నాడు. ఓటు ఆయనకే."

నవ్వావా? ఇక నవ్వురానిది ఒకటి. మంగళవారం మధ్యాహ్నం ఆట తర్వాత ఒక కార్డు వచ్చింది. ఈ బొమ్మలో ముసలి గుమాస్తా చేత దొంగ కాగితం మీద సంతకం పెట్టిస్తారు. చెయ్యి గడగడా వణుకుతుంది, సిరా చుక్క పడుతుంది, వయొలిన్లు మోగుతాయి. ఆ సీను గురించి రెండు ముక్కలు: "అంతా బాగుంది. సంతకం సీను అబద్ధం. చెయ్యి వణకదు." చివర గొళ్ళెం ఉంది.

అవునురా, గొళ్ళెమే. నాన్న ప్రతి వాక్యం చివరా పెట్టేవాడే, నిలువు గీత, దానికో చిన్న వంపు. "తలుపు వేసి గొళ్ళెం పెట్టకపోతే ఎవడో వచ్చి తన మాట కలుపుతాడు" అని నవ్వేవాడే, అదే. అక్షరాలు కూడా అవే. బల్లపరుపుగా, ఒకదానికొకటి తగలకుండా.

నాన్న పోయి పదకొండేళ్ళు. నాకు మంచినీళ్ళు తాగుదామంటే గ్లాసు అందలేదు.

ఉంటాను,
అక్క

జూన్ 10

అక్కకి,

చివరిదాకా చదివాను. స్కూటరు పోయినవాడి మీద జాలేసింది. మిగతాదాని మీద కోపమొచ్చింది. నువ్వు ఆ చీకటి హాల్లో రోజంతా కూర్చుంటే దయ్యాలు కాక దేవతలు కనిపిస్తారా? గుండ్రంగా రాయనివాళ్ళు లోకంలో నాన్న ఒక్కడేనా? కళ్ళజోడు మార్పించుకో.

మరదలికి తగ్గింది. నాకే మనసు బాలేదు. ఇక్కడ స్కూలుకి కొత్తగా నీళ్ళ ట్యాంకు కట్టారు, నాలుగు స్తంభాల మీద. పోసిన కాంక్రీటులోంచి తీసిన క్యూబులు మా ల్యాబుకొచ్చాయి. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో నానబెట్టి, ప్రెస్సు కింద పెట్టి ఎంత బరువుకి పగులుతుందో చూడటం నా పని. సగం బరువుకే అప్పడంలా పగిలింది. మూడు పగలగొట్టాను, మూడూ అంతే. పెద్దసారు పిలిచి "బాగుంది అని రాయి, ప్రారంభోత్సవం పెట్టుకున్నాం" అన్నాడు. ఎవరి తాలూకు కాంట్రాక్టో నీకు చెప్పక్కర్లేదు.

కాదన్నాను. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ కాదన్నాను. నిన్న ఆయనన్నట్టే రాసేశాను. ఇంకా ఇవ్వలేదు, సొరుగులో ఉంది. ఎందుకు రాశావని అడక్కు. మనింటికి ఆ పేరు ఎప్పుడో వచ్చింది కదా, కొత్తగా పోయేదేముంది?

తమ్ముడు

జూన్ 16

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ సొరుగు తాళం వేసెయ్యరా. ఇవ్వకు. నీకు దణ్ణం పెడతాను.

కార్డులు ఇంకో రెండొచ్చాయి. మంగళ, శుక్రవారాలు, మధ్యాహ్నం ఆటే. ఒకదాంట్లో ఇలా ఉంది: "హీరో రెండు నిమిషాల్లో కాదంటాడు. నిజంగా కాదనడం పదకొండు రోజులు. పన్నెండో రోజు ఏమీ అనిపించదు." ఇంకోదాంట్లో: "ట్యాంకు కూలిన చప్పుడు సినిమాలో పెద్దగా పెట్టారు. అంత రాదు. తర్వాత వచ్చే నిశ్శబ్దమే పెద్దది." అన్నిటికీ గొళ్ళేలు.

సినిమాలో కూలేది వంతెన రా. ట్యాంకు కాదు.

మన ఇంట్లో ఇరవై నాలుగేళ్ళుగా ఎవరూ ఎత్తని మాట నేనే ఎత్తుతాను. నువ్వప్పుడు పన్నెండేళ్ళవాడివి, ఆ రోజు నిన్ను పక్కింటికి పంపేశారు. నాన్న ల్యాబులో పరీక్షించిన ట్యాంకు కూలి, కింద బట్టలుతుకుతున్న ముగ్గురు పోయారు. ఆ కాంక్రీటు బాగుందని రిపోర్టు నాన్న చేతిరాతతో ఉంది. నాన్న ఏమీ మాట్లాడటం లేదని విచారణ చేసే అధికారి మనింటికే వచ్చాడు. ముందుగదిలో నాన్న కుర్చీలో ఉన్నాడు. అధికారి నా ముందు కాగితం పెట్టి "ఇది మీ నాన్న రాతేనా అమ్మా?" అన్నాడు. గది మసకగా ఉంది. కిటికీ రెండడుగుల దూరంలో ఉంది. నేను లేవలేదు. ఒక్క చూపు చూశాను, గొళ్ళెం కనిపించింది. "అవునండీ, మా నాన్నదే. ఇది ఇంకెవరూ పెట్టరు" అన్నాను. గొప్పగా అన్నాను రా. పంతొమ్మిదేళ్ళదాన్ని, నా చేత కింద సంతకం కూడా చేయించుకున్నారు. అప్పుడు నాన్న నా వైపు చూసి, "మా అమ్మాయి చెప్పిందిగా. ఇంక నేను చెప్పేదేముంది" అన్నాడు.

ఆ మాట పదమూడేళ్ళు, ఆయన పోయేదాకా, నా పక్కనే కూర్చుని అన్నం తింది. ఆయన మళ్ళీ దాని గురించి ఎత్తలేదు. కానీ ఆ రోజు తర్వాత నాన్న గొళ్ళెం పెట్టడం మానేశాడు, నువ్వు గమనించావో లేదో. ఇప్పుడొచ్చి మళ్ళీ పెడుతున్నాడు. నిన్ను ఆపడానికే వస్తున్నాడని నాకు అనిపిస్తోంది. మధ్యాహ్నం ఆట వదిలాక ఖాళీ సీట్ల మధ్య నిలబడి "నాన్నా" అని పిలిచాను కూడా. ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి బయటికెళ్ళిపోయింది.

అక్క

జూన్ 21

అక్కా,

ఇక చాలు.

ఆ ఫైలు నా బల్ల మీదికొచ్చిన రోజు నుంచి నేను రాసిన రోజుకి సరిగ్గా పదకొండు రోజులు. ఆ సంగతి నీకెవరు చెప్పారు? నా భార్యని అడిగి తెలుసుకుని, కార్డు నువ్వే రాసుకుని, నాన్న పేరు పెట్టి నాకు నీతులు చెబుతున్నావు. ఆ రాత రావడానికి నీకు నాన్నే కావాలా? మనిద్దరికీ ఆయన నేర్పిందే కదా. నేనూ అలాగే రాస్తాను, గొళ్ళెంతో సహా.

సొంత తండ్రి మీద సాక్ష్యం చెప్పి సంతకం పెట్టినదానివి నువ్వు. నా సంతకం గురించి నీకెందుకు? అక్కడ బొమ్మ చూసి చప్పట్లు కొట్టేవాళ్ళందరూ బయటికొచ్చి ఏం చేస్తారో నీ కార్డుల్లోనే ఉంది. నన్ను వదిలెయ్.

సోమవారం రిపోర్టు ఇచ్చేస్తున్నాను.

తమ్ముడు

జూన్ 24

తమ్ముడూ,

నేను రాయలేదు. మరదలితో మాట్లాడి నెలయింది, కావాలంటే అడుగు.

అసలు కార్డే ఇందులో పెడుతున్నాను. పంపిణీదారుకి ఇవ్వాల్సింది, దొంగతనంగా తీశాను. సాక్ష్యం గురించి నువ్వన్న మాట నిజమే.

అక్క

జూన్ 30

అక్కా,

ముందు నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. ఆ ఉత్తరం చింపెయ్. కోపంలో నోటికొచ్చింది రాశాను, రాశాక పోస్టు డబ్బాలో వెయ్యకుండా చెయ్యి ఆగలేదు.

రిపోర్టు ఇవ్వలేదు. సోమవారం ఉదయం ఇద్దామని బయల్దేరుతుంటే నీ కవరు వచ్చింది. కార్డు చూశాను. నువ్వు రాసింది కాదని మొదటి చూపులోనే తెలిసింది. రెండో చూపులో నాన్నదీ కాదని తెలిసింది.

నా దగ్గర నాన్న రాసిచ్చిన ఎక్కాల పుస్తకం ఉంది, నువ్వు పారేయమన్నా దాచుకున్నాను. దాంట్లో ప్రతి వరస చివరా గొళ్ళెం వంపు కిందికి తిరిగి ఉంటుంది. నాదీ కిందికే, నీదీ కిందికే. కార్డు మీద పైకి తిరిగి ఉంది. ప్రతి వాక్యానికీ.

అప్పుడు ఒక పని చేశాను. పన్నెండేళ్ళుగా ఈ శాఖలోనే ఉన్నా, ఆ పాత ఫైలు జోలికి వెళ్ళలేదు. చూస్తే ఏదో తగులుతుందని భయం. రికార్డు గదికి వెళ్ళి తీయించాను. తాడు విప్పేటప్పటికి నా వేళ్ళు దుమ్ముతో నల్లబడ్డాయి. నాన్న పేరుతో ఉన్న రిపోర్టు, తొమ్మిది వాక్యాలు. తొమ్మిది గొళ్ళేలూ పైకి తిరిగి ఉన్నాయి. కింద నీ సంతకం, చిన్న అక్షరాలతో.

అక్కా, అది నాన్న రాయలేదు. మనం చూసింది గొళ్ళెం ఉందా లేదా అనే. ఎటు తిరిగిందో చూడలేదు. అది నాన్న ఒక్కడిదే అనుకోవడం మన పొరపాటు, ల్యాబులో ఇంకెవరికైనా నేర్పి ఉంటాడని మన బుర్రకి తట్టలేదు. నువ్వు చెప్పే దయ్యమే అయితే బాగుండేదని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

ఎడమ చేత్తో రాస్తే వంపు పైకి పోతుంది. నిన్నంతా రాసి చూసుకున్నాను. నాన్న ల్యాబులో కుడి చేతిలో గాజు బీకరు పట్టుకుని టీ తాగుతూ, ఎడమ చేత్తో రాసే మనిషి ఎవరో నేను చెప్పక్కర్లేదు కదా. నాన్న పాడె మోసినవాడు. నాకు ఈ ఉద్యోగం ఉందని కబురు చెప్పినవాడు.

మంగళవారం మధ్యాహ్నం ఆట వదిలేటప్పుడు తలుపు దగ్గర నిలబడు.

తమ్ముడు

జూలై 6

తమ్ముడూ,

నిలబడ్డాను. జనం వెళ్ళిపోయారు. చివర్న ఒకాయన గోడ పట్టుకుని మెట్లు దిగాడు. చిక్కి సగమైపోయాడు, చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టుంది. పెట్టె దగ్గర ఆగి ఎడమ చేత్తో పెన్ను తీశాడు. పేరు తెలియని రోజుల్లో మనం పెట్టిన పేరుతోనే పిలిచాను. "బీకరు బాబాయ్!"

తల ఎత్తకుండానే "నువ్వే చదువుతున్నావా అమ్మాయ్ ఇవన్నీ?" అన్నాడు. "ఎవరో ఒకరు చదవాలని రాశాను. నువ్వని తెలిస్తే రాసేవాణ్ణి కాదు. లేక నువ్వని తెలిసే రాశానేమో, నాకే అర్థం కావడంలేదు."

ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి టీ ఇచ్చాను. కప్పులో ఇచ్చాను, నా చేతులు వణుకుతున్నాయి కాబట్టి సగం సాసరులోనే పడింది. ఆయన చేతులు వణకలేదు.

నాన్న రాయనన్నాడట. పెద్దవాళ్ళు ఈయన్ని పట్టుకున్నారట. "ఆయన రాత నీకొచ్చుగా, ఆయన పేరు పెట్టు" అని. పదకొండు రోజులు కాదన్నాడు. పన్నెండో రోజు రాశాడు. "అంతసేపు భయపడ్డాను కదా, రాసేటప్పుడైనా చెయ్యి వణుకుతుందనుకున్నాను తల్లీ. వణకలేదు. చక్కగా వచ్చింది. ఇంకాస్త వంకరగా వచ్చినా ఎవరైనా కనిపెట్టేవాళ్ళేమో. సినిమాలో వాడికి వణుకుతుంటే నాకు ఏడుపొస్తుంది. అందుకే మళ్ళీ మళ్ళీ వస్తున్నాను."

నాన్నకి తెలుసా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది అని ఇప్పుడనిపిస్తోంది, కానీ అడిగాను.

"రిపోర్టు చూపించిన రోజే తెలుసు. గొళ్ళెం చూడగానే తెలిసిపోయింది ఆయనకి. నేను ఒప్పుకుంటాననే రెండు రోజులు నోరు విప్పకుండా ఆగాడు. ఆలోపు వాళ్ళు మీ ఇంటికొచ్చారు. ఉద్యోగం పోయి, మర్నాడు సామాను తీసుకోవడానికి ల్యాబుకొచ్చి నాతో ఒక్క మాటన్నాడు. ‘ఇప్పుడు నాది కాదంటే, మా అమ్మాయి అబద్ధపు సాక్ష్యం మీద సంతకం పెట్టినట్టవుతుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. దాన్ని కోర్టులెంట తిప్పుతారు. నువ్వు ఒప్పుకున్నా అంతే. నోరు మూసుకో’ అన్నాడు." కప్పు కింద పెట్టి, "నోరు మూసుకోమన్నాడు. నాకు కావలసిందీ అదే తల్లీ" అన్నాడు.

ఒరేయ్, "మా అమ్మాయి చెప్పిందిగా, ఇంక నేను చెప్పేదేముంది." ఆ మాట నన్ను తిట్టడానికి అన్నాడనుకున్నాను. పదమూడేళ్ళు ఆయన నా మాటని నెత్తిన పెట్టుకుంటే, నేను ఆయన మాటని ఇరవై నాలుగేళ్ళు శాపం అనుకుని బతికాను. ఆయన మంచం మీదుండగా మందు పట్టేటప్పుడు కూడా కళ్ళలోకి చూడలేదు.

నాకు నాన్న దయ్యం కావాలి రా. ఒక్కసారి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే చాలు. రావడంలేదు. ఆట వదిలాక అక్కడే నిలబడుతున్నాను, ఎవరూ లేరు.

అక్క

జూలై 12

అక్కా,

నీ ఉత్తరం బాత్రూములో కుళాయి తిప్పి చదివాను, ఇంట్లోవాళ్ళకి వినిపించకూడదని.

మర్నాడు సొరుగులోది చింపేసి, అసలు రిపోర్టు రాశాను. ఏడు వాక్యాలు, ఏడు గొళ్ళేలు. ట్యాంకులో నీళ్ళు నింపొద్దని ఆఖర్న రాశాను. అది రాసేటప్పుడు మాత్రం చెయ్యి వణికింది, బాబాయికి చెప్పు.

మూడో రోజు పెద్దసారు పిలిచి నా ముందు రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి నాది. రెండోది "బాగుంది" అని, నా పేరుతో, నా రాతతో, గొళ్ళేలతో. నా కింద ఆరేళ్ళుగా ఒక అసిస్టెంటు ఉన్నాడు. నాన్న నేర్పినట్టే నేను అతనికి రాయడం నేర్పాను, మెచ్చుకున్నాను కూడా. ఆ గదిలో అతను నా వైపు చూడలేదు. అతనికి ఎన్ని రోజులు పట్టిందో.

విచారణ పెట్టించాను. అప్పటిదాకా ట్యాంకు ఖాళీగా ఉంటుంది, అంతవరకు గెలిచాం. స్కూలు గంట మోగితే పిల్లలు దాని కిందనుంచే గేటుకి పరిగెడతారు, మా కిటికీలోంచి కనిపిస్తుంది. పెద్దసారు నవ్వుతూ ఏమన్నాడో తెలుసా? "రాత ఎవరిదో తేల్చాలంటే ఇంటివాళ్ళనే పిలుద్దాం. మీ ఇంట్లో ఆ ఆనవాయితీ ఉందిగా, మీ అక్కగారున్నారు." పాత ఫైలు నేను తీయించానని ఆయనకి తెలిసిపోయింది. నువ్వు ఒక్క చూపులో రెండూ నా రాతేనని చెప్పేస్తావని ఆయన ధీమా.

జూలై 22, పదకొండు గంటలకి. నీకు కాగితం వస్తుంది.

రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలుసు. నీకు చెప్పను. చెబితే అది నా మాట అవుతుంది, నీ సాక్ష్యం కాదు. ఇష్టం లేకపోతే రావొద్దు, నేనేమీ అనుకోను. ఒక ఇంట్లో ఒక మనిషిని రెండుసార్లు సాక్షి కుర్చీలో కూర్చోబెట్టడం పాపమని నాకూ తెలుసు.

తమ్ముడు

జూలై 16

తమ్ముడూ,

కాగితం వచ్చింది. వస్తున్నాను. విచారణ సంగతి బాబాయికి కూడా చెప్పాను.

నిన్నటితో ఆ బొమ్మ తీసేశారు. గోడ మీద పోస్టరు చింపుతుంటే హీరో సగం మొహం అతుక్కుని ఉండిపోయింది, రేపు నీళ్ళు పోసి గీకాలి. ఆఖరి సారాంశం పంపాను. "ప్రేక్షకులకి నచ్చింది" అని రాశాను. అంతకంటే ఏం రాస్తాను?

పెట్టె ఆఖరిసారి తెరిస్తే పదహారు కార్డులు ఒకే రాతతో ఉన్నాయి, దారంతో కట్టి. బాబాయి జరిగిందంతా తేదీలతో సహా రాశాడు. పెద్దవాళ్ళ పేర్లు, తన పేరు, నాన్న అన్న మాట. ప్రతి వాక్యానికీ పైకి తిరిగిన గొళ్ళెం. చివరి కార్డు మీద "ఇరవై రెండో తారీఖున నేనూ వస్తాను, నన్ను రైలెక్కించు" అని ఉంది. వస్తానన్నవాడు ఆ రోజుకి మనసు మార్చుకోకుండా నేను ఆయనింటికే వెళ్ళి తీసుకొస్తాను. క్షమించానా అని అడక్కు. కప్పు బదులు బీకరు కొన్నాను, రైల్లో టీకి. అంతవరకే తెలుసు.

నిన్న నేనూ ఒక కార్డు రాశాను. చదివేవాళ్ళు లేరు కాబట్టి నీకు చెబుతున్నాను. "సినిమాలో సాక్షి చెప్పగానే అందరూ చప్పట్లు కొడతారు. చెప్పడం తేలిక. చూడటమే కష్టం."

నాకు మొన్నటిదాకా కలలో ఆ ముందుగది వచ్చేది. అధికారి కాగితం చాపుతాడు, నాన్న కుర్చీలో ఉంటాడు, నేను నోరు తెరుస్తాను. నిన్న కూడా వచ్చింది. ఈసారి నాన్న తల ఎత్తి కిటికీ వైపు చూశాడు. కలే, నాకు తెలుసు. నా మనసే ఆ పని చేసి ఉంటుంది. అయినా లేచాక చాలాసేపు, ఇప్పటికీ నా దగ్గరే ఉన్న ఆ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నాను.

అక్కడ మీ విచారణ గదికి కిటికీ ఉందో లేదో ముందే చూసి పెట్టు. వాళ్ళు కాగితాలు నా ముందు పెట్టగానే నేనేమీ చెప్పను. ఎవరేమన్నా, పెద్దసారు గడియారం చూసుకున్నా, లేచి వాటిని వెలుతురులోకి తీసుకెళ్తాను. ఒక్కో గీతా చూస్తాను. అప్పుడు చెబుతాను.

ఈ ఉత్తరం చివర, ఇరవై నాలుగేళ్ళ తర్వాత, గొళ్ళెం పెడుతున్నాను. ఎటు తిరిగిందో నువ్వే చూసుకో.

నాన్న కూతురు,
మీ అక్క